రెండు డిస్కులు, ఒకే గవాహీ



పోయిన జుమ్మా నమాజ్ అయ్యాక యాప్రాల్ నుంచి మామూ ఫోన్ చేశారు. ఆయన ఫోన్ చేస్తే ముందు ఖైరియత్ అడుగుతారు, తర్వాత పిల్లల చదువు, ఆ తర్వాత ఆ వారం నా రాతల్లో దొర్లిన తప్పులు. ఆ రోజు అవేవీ అడగలేదు.

"బేటా, దోనో డిస్కాఁ అచ్ఛేచ్ హైఁ బోల్‌రా కంప్యూటర్. ఫైలాంచ్ నై ఖుల్‌రేఁ."

రెండు డిస్కులూ బాగానే ఉన్నాయట. ఫైళ్లే తెరుచుకోవడం లేదట. మా ఖాన్‌దాన్ కాగితాలన్నీ ఆ రెండు మాటల మధ్య గోతిలో పడిపోయాయి. ఇవాళ రాసేది ఆ గోతి గురించే. మీ ఇంట్లోనూ అలాంటి గొయ్యి ఉండొచ్చు, దాని మీద ఎవరో ఖాలీన్ పరిచి "బేఫికర్" అని చెప్పి ఉండొచ్చు.

మామూ ఫౌజ్‌లో క్లర్కుగా పనిచేసి రిటైరయ్యారు. యాప్రాల్, సైనిక్‌పురి వైపు ఇలాంటి ఇళ్లు గల్లీకి నాలుగు కనిపిస్తాయి. కాగితం విలువ తెలిసిన మనిషి. రిటైరయ్యాక ఒక స్కానర్ కొని నాలుగేళ్లు కూర్చున్నారు. నానా పేరు మీది భూమి దస్తావేజులు, నిజాం జమానా ఉర్దూ కాగితాలు, ఇంట్లో జరిగిన ప్రతి నికాహ్ సియాహా, మా ఊరి మస్జిద్, కబ్రస్తాన్‌ల వక్ఫ్ కాగితాలు. వీటిలో కొన్నింటి అసళ్లను అప్పటికే చెదలు సగం తినేశాయి. వీటితో పాటు పాత క్యాసెట్ల నుంచి ఎక్కించిన మా నానీ గొంతు. సెహ్రీకి లేపుతూ ఆమె చదివే మునాజాత్, మధ్యలో ఎవరినో చాయ్ దించమని కసరడం.

ఇవన్నీ పెట్టుకోవడానికి డెస్క్‌టాప్ కొనేటప్పుడు ఒక దుకాణం కుర్రాడు చెప్పాడట: "చాచా, రెండు డిస్కులు వేసి రెయిడ్ కడతాం. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. బేఫికర్‌గా ఉండండి." మామూ రెండో డిస్కుకు కూడా డబ్బు కట్టారు. ఆరేళ్లు బేఫికర్‌గానే ఉన్నారు. ఈ మధ్య మనవడు వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటానని ఎక్కడి నుంచో దొంగ సాఫ్ట్‌వేర్ దించి ఎక్కించాడు. దాని వెంట ర్యాన్సమ్‌వేర్ వచ్చింది. తెల్లారేసరికి ప్రతి ఫైలుకూ తాళం పడింది. ప్రతి ఫోల్డర్లో ఒక చీటీ: డబ్బు పంపితే తాళంచెవి ఇస్తాం.

ఇత్వార్ నాడు వెళ్లి చూశాను. డిస్కుల పక్కన పచ్చగా "హెల్దీ" అని చూపిస్తోంది. అబద్ధం కాదు. రెండు డిస్కులూ సలామత్‌గా ఉన్నాయి. తాళం పడ్డ ఫైళ్లను రెండూ అక్షరం పొల్లుపోకుండా, ఎంతో వఫాదారీతో మోస్తున్నాయి.

నా జగడా ఆ కుర్రాడితో కాదు, ఆ "బేఫికర్" అనే మాటతో. ఆ మాట గలత్. అమానత్‌ను చేతిలో పెట్టుకున్నవాడికి ఆ మాట అమ్మడం ధోకా. తెలిసి అమ్మినా, తెలియక అమ్మినా నష్టం ఒకటే.

ఇన్సాఫ్‌గా మాట్లాడాలంటే ముందు రెయిడ్ అంటే ఏమిటో చెప్పాలి. 1980ల చివర్లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అనే ముగ్గురు దీనికి ఆ పేరు పెట్టారు. 1988లో వాళ్లు అచ్చువేసిన వ్యాసం చెప్పిన సంగతి ఇది: ఒక పెద్ద ఖరీదైన డిస్కు బదులు చిన్న చవక డిస్కులు చాలా కలిపి వాడుకోవచ్చు. అయితే డిస్కులు పెరిగేకొద్దీ ఏదో ఒకటి చెడిపోయే ఖత్రా కూడా పెరుగుతుంది. అందుకని ఒకటి పోయినా పని ఆగకుండా అదనపు ఏర్పాటు ఉండాలి. ఈ ఏర్పాట్లకు వాళ్లు నంబర్లు ఇచ్చారు. ప్రతి రాతనూ రెండు డిస్కుల మీదా ఒకేసారి రాస్తే రెయిడ్ 1. మూడు లేదా అంతకన్నా ఎక్కువ డిస్కుల మీద సమాచారాన్ని పంచి, దాంతో పాటు లెక్క కట్టిన ప్యారిటీని కూడా పంచితే రెయిడ్ 5. అందులో ఏ ఒక్క డిస్కు పోయినా మిగిలినవాటి నుంచి లెక్కగట్టి తిరిగి తయారు చేయొచ్చు.

దీని అసలు కామ్ ఏమిటి? పని ఆగకుండా చూడటం. రాత్రి పన్నెండింటికి పేజీలు ప్రెస్‌కు వెళ్లే వేళ సర్వర్లో ఒక డిస్కు చచ్చిపోతే పత్రిక ఆగకూడదు. హాస్పిటల్లో రిపోర్టులు ఆగకూడదు, బ్యాంకులో కౌంటర్ ఆగకూడదు. అక్కడ రెయిడ్ నిజంగా నేమత్. చెడిన డిస్కు తీసి కొత్తది పెడతారు, పని నడుస్తూనే ఉంటుంది. దానికి నా సలామ్.

మామూ ఇంట్లో ఆగకూడని పనేముంది? నానీ మునాజాత్ ఒక రోజు ఆలస్యంగా విన్నా కొంప మునగదు. ఎప్పటికీ వినలేకపోవడమే ముసీబత్. పని ఆగకుండా చూసే ఏర్పాటును, పోకుండా చూసే ఏర్పాటు అని చెప్పి అమ్మారు. కారు స్టెప్నీ టైరును ఇన్సూరెన్స్ అని అమ్మినట్టు.

రెయిడ్ 1ను మిర్రర్ అంటారు, అంటే అద్దం. నా ముఖానికి మసి అంటితే అద్దంలో ముఖానికీ మసే. మీరు ఫైలు చెరిపేస్తే రెండో డిస్కులోనూ అదే క్షణం చెరిగిపోతుంది. వైరస్ తాళం వేస్తే రెండో దానికీ తాళమే. పొరపాటున పాత కాగితం మీద కొత్తది సేవ్ చేస్తే రెండు చోట్లా పాతది పోయినట్టే. పైగా రెండు డిస్కులూ ఒకే డబ్బాలో ఉంటాయి. ఒకే పవర్ సప్లై, ఒకే ఫ్యాను, ఒకే వేడి. తరచూ ఒకే రోజు ఒకే దుకాణంలో కొన్న ఒకే కంపెనీ సరుకు. మే నెల ఉరుముల్లో కరెంటు ఎగిసిపడితే ఆ దెబ్బ రెండింటికీ తగులుతుంది. దొంగ వస్తే డబ్బానే ఎత్తుకుపోతాడు, ఒక డిస్కు మీకు వదిలిపెట్టడు.

సూరా బఖరా 282వ ఆయత్ మీలో చాలామందికి తెలుసు. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అది. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని, గవాహ్‌లను పెట్టుకోమని హుకుం. రాయడంతో సరిపెట్టలేదు, గవాహ్‌లూ కావాలన్నారు. మరి ఒక గవాహ్ నిలబడి చెబుతుంటే, వాడి నీడను చూపించి "ఇదిగో రెండోవాడు" అంటే ఏ ఖాజీ ఒప్పుకుంటాడు? మిర్రర్లో రెండో డిస్కు ఆ నీడలాంటిది.

ఇంకో మిసాల్. రంజాన్ తరావీలో ఇమామ్ ఖురాన్ చదువుతుంటే వెనక సఫ్‌లో ఇంకో హాఫిజ్ నిలబడతాడు, సామె అంటాం. ఇమామ్ ఒక చోట తడబడితే సామె లుఖ్మా ఇస్తాడు, ఇమామ్ సరిదిద్దుకుంటాడు. ఎందుకు ఇవ్వగలుగుతాడు? అతని గుండెలో ఉన్న ఖురాన్ ఇమామ్ నోటి నుంచి ఇప్పుడే విన్నది కాదు, వేరే ఉస్తాద్ దగ్గర, వేరే సంవత్సరాల్లో కష్టపడి పట్టుకున్నది. నకలు అంటే అలా ఉండాలి. మామూలు రెయిడ్ 1లో రెండు డిస్కుల మీద ఒకే ఫైలు రెండు రకాలుగా కనబడితే ఏది సహీయో దానికి తెలియదు కూడా. ప్రతి ముక్కకూ చెక్‌సమ్ అనే లెక్క రాసి పెట్టుకునే జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ లాంటి ఏర్పాట్లకు తెలుస్తుంది. ఇమామ్ ఎంత తప్పు చదివితే అంత తప్పునూ గట్టిగా వల్లించేవాణ్ణి సామె అనం.

ఇక వేగం మాట. పెళ్లి వీడియోలు తీసే మన కుర్రాళ్లలో రెయిడ్ 0 అంటే ఒక షౌక్. ఫైలును ముక్కలు చేసి సగం ఒక డిస్కు మీద, సగం ఇంకో దాని మీద రాస్తారు, వేగం దాదాపు రెట్టింపవుతుంది. కానీ ఒక్క డిస్కు పోతే రెండింటిలోదీ పోయినట్టే, సగం సగం ముక్కలతో ఏ వీడియో తెరుచుకోదు. హిసాబ్ చూడండి. ఒక డిస్కు ఏడాదిలో చెడిపోయే అవకాశం నూటికి 5 అనుకుందాం. రెండు కలిపితే దాదాపు 10, నాలుగు కలిపితే 18 దాటుతుంది. ఒకప్పుడు వేగం కోసం వేరే దారి లేదు, మాఫ్ చేయొచ్చు. ఇప్పుడు మామూలు హార్డ్ డిస్కు సెకనుకు 150 నుంచి 200 ఎంబీ చదివితే, ఒక్క ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 3,000 దాటిపోతుంది. రెండు ముసలి గుర్రాలను బండికి కట్టి రైలుతో పందెం ఎందుకు? ఎవరి బిడ్డ రుఖ్సతీయో, ఎవరి తండ్రి చివరిసారి నవ్విన నవ్వో మీ డిస్కులో ఉంటుంది. అది మీ మాల్ కాదు బాబూ, అమానత్.

"డిస్కు డబ్బా ఇంట్లోనే ఉంది కదా, ఎక్కడికి పోతుంది?" అంటారా? హైదరాబాద్ మనిషి ఆ మాట అనకూడదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ తుగ్యానీలో ఈ షహర్ సగం కొట్టుకుపోయింది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు, ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. పాత కథ అంటారా? 2020 అక్టోబర్ 13 రాత్రి వాన గుర్తు చేసుకోండి. హాఫిజ్‌బాబానగర్, అల్ జుబైల్ కాలనీ ఇళ్లలో నీళ్లు నిలువెత్తు నిలిచాయి. తడిసిన కాగితాలను జనం డాబాల మీద ఆరబెట్టుకున్నారు. అలాంటి నీళ్లకు డబ్బాలో ఒక డిస్కు ఉందా, రెండు ఉన్నాయా అన్న లెక్కలేదు.

ఇంటి సంగతి వదిలేయండి, హుకూమత్‌లూ ఇదే గఫ్లత్‌లో ఉన్నాయి. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో సర్కారీ డేటా సెంటర్లో బ్యాటరీలు అంటుకున్నాయి. సర్కారీ ఉద్యోగులు తమ పని ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే ఏర్పాటు కాలిపోయింది. 858 టెరాబైట్లు. మరీ పెద్దదని బయట ఎక్కడా నకలు పెట్టలేదు. కంప్యూటర్లలో ప్రపంచానికి పాఠాలు చెప్పే ముల్క్ అది. అంత ఇల్మ్ ఉన్నా, నకలు అదే కప్పు కింద ఉంచితే అగ్గి అడగదు.

ఇప్పుడు మన సంగతి. 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ తెరిచి, వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలల్లో ఎక్కించమన్నారు. ఆ చట్టం మీద నా అభిప్రాయం ఇదివరకే రాశాను, ఇక్కడ మళ్లీ ఎత్తను. కానీ ఆ ఆరు నెలల్లో ఎందరు ముతవల్లీలు అర్ధరాత్రి అల్మారాలు తిరగేశారో మీకు తెలుసు. ఒక స్కాన్ కాపీ ఎంత బరువో అప్పుడు తెలిసింది. మినార్లకు రంగుల లైట్లు వేయడానికి మన కమిటీల్లో చందా వస్తుంది. వక్ఫ్‌నామాకు రెండో ఊళ్లో ఒక నకలు పెడదామంటే "తర్వాత చూద్దాం భాయ్" అంటారు. కబ్రస్తాన్ హద్దులు రాసి ఉన్న కాగితం పోతే, రేపు కబ్జా చేసినవాడి ముందు దేంతో నిలబడతాం? కన్నీళ్లతోనా?

కొందరు "అల్లాహ్ ఉన్నాడు, తవక్కుల్ ఉంచండి" అంటారు. ఒంటెను కట్టి, ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న హదీస్ వాళ్లే జుమ్మా బయాన్‌లో చెబుతారు. తాడు కట్టకుండా చేసేది తవక్కుల్ కాదు, బద్ధకం. దానికి దీన్ పేరు పెట్టకండి.

మన తారీఖ్‌లోనే సబక్ ఉంది. ఖురాన్ పక్కన ఇంకో వస్తువును పెట్టి పోల్చడం లేదు, తౌబా. సహాబాలు చూపిన ఎహ్‌తియాత్ గురించి మాత్రమే చెబుతున్నాను. యమామా జంగ్‌లో హాఫిజ్‌లు ఎందరో షహీద్ అయ్యారు. గుండెల్లో ఉన్నది గుండెలతోనే పోతుందేమోనని హజ్రత్ ఉమర్ (రజి) భయపడి హజ్రత్ అబూబకర్ (రజి)తో మాట్లాడారు. జైద్ బిన్ సాబిత్ (రజి)కి ఆ జిమ్మేదారీ అప్పగించి రాయించారు. ఆ ముస్‌హఫ్ చివరికి హజ్రత్ హఫ్సా (రజి) దగ్గర భద్రంగా ఉంది. తర్వాత హజ్రత్ ఉస్మాన్ (రజి) నకళ్లు రాయించి ఏం చేశారు? అన్నీ మదీనాలో ఒకే సందూఖ్‌లో పెట్టలేదు. కూఫా, బస్రా, షామ్‌లకు పంపారు. గుండెల్లో ఒకటి, రాతలో ఒకటి, దూర షహర్లలో ఇంకొన్ని. మనం మాత్రం రెండు డిస్కులు ఒకే డబ్బాలో బిగించి నిద్రపోతున్నాం.

"అయితే రెండో డిస్కు కొనడం తప్పా?" అని మామూ అడిగారు. తప్పు కాదు మామూ, పెట్టిన జాగా తప్పు. అదే డిస్కు, అదే డబ్బు. డబ్బాలోంచి తీసి ఒక ఎన్‌క్లోజర్‌లో పెట్టాలి. పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్తే దొరుకుతుంది. వారానికోసారి, జుమ్మా నమాజ్ నుంచి వచ్చాక అనుకోండి, కంప్యూటర్‌కు తగిలించి నకలు తీసి, వెంటనే వైరు పీకేయాలి. ఆ పీకేయడమే హిఫాజత్. తగిలించి ఉంచితే వైరస్ దానికీ తాళం వేస్తుంది. ఇంకో డిస్కులో మూడో నకలు తీసి వేరే ఊళ్లో, నమ్మకమైనవాళ్ల ఇంట్లో పెట్టాలి. ఆరు నెలలకోసారి మార్చుకోవాలి. ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క కూడా ఇదే: మూడు నకళ్లు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. ఆడవాళ్ల ఫోటోలు, భూమి కాగితాలు పరాయి ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఎలా అంటారా? ముందు మీరే పాస్‌వర్డ్‌తో తాళం వేసి పెట్టండి, ఆ పాస్‌వర్డ్ ఇంట్లో ఇద్దరికి తెలిసి ఉండాలి. మీరు కన్నుమూస్తే మీరాస్‌తో పాటు తాళంచెవి కూడా పంచాలి కదా.

ఇంకొక్కటి. నకలు తీయడం సగం పని, తెరిచి చూడటం మిగిలిన సగం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్ చెరిపేశాడు. నకళ్లకు ఐదు ఏర్పాట్లు ఉన్నాయనుకున్నారు, తీరా చూస్తే ఒక్కటీ సరిగా పనిచేయడం లేదు. ఆరు గంటల ముందు వేరే పని మీద చేత్తో తీసిన ఒక కాపీ కాపాడింది. కాబట్టి నెలకోసారి, కొత్త చాంద్ కనబడినప్పుడు, నకలు డిస్కులోంచి ఏవైనా ఐదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకుంటే అల్హమ్దులిల్లాహ్. తెరుచుకోకపోతే, అసలు ఉండగానే తెలిసింది, దానికీ అల్హమ్దులిల్లాహ్.

మామూ దొంగలకు డబ్బు పంపలేదు. పంపమని నేనూ చెప్పలేదు. డబ్బు తీసుకున్నవాడు తాళంచెవి ఇస్తాడన్న గ్యారంటీ లేదు, ఇచ్చినా ఆ డబ్బుతో ఇంకో ఇంటికి తాళం వేస్తాడు. డిస్కులను చెరిపేయవద్దని మాత్రం చెప్పాను. కొన్ని వైరస్‌ల తాళంచెవులు కొన్నేళ్లకైనా బయటపడతాయి. యూరప్ పోలీసులు 2016లో మొదలుపెట్టిన నో మోర్ ర్యాన్సమ్ అనే సైట్లో అలాంటివి ముఫ్త్‌గా ఇస్తారు. మామూ ఒక డిస్కును బట్టలో చుట్టి, తారీఖ్ రాసి, నానీ జానమాజ్ ఉన్న అల్మారాలో పెట్టారు.

మిగిలిందేమిటో కూడా చెప్పాలి. దమ్మామ్‌లో ఉన్న కజిన్ భాయ్ ఐదేళ్ల కింద సెలవుకు వచ్చినప్పుడు ఒక పెన్‌డ్రైవ్‌లో సగం కాగితాలు ఎక్కించుకుని పోయాడు, ఎందుకో అతనికే గుర్తులేదు. కబ్రస్తాన్ కాగితం అందులో దొరికింది. నిజామాబాద్‌లో ఖాలా ఫోన్లో, వాట్సాప్‌లో ఎప్పుడో మామూ పంపిన నానీ గొంతు ఉంది, పదకొండు నిమిషాలు. క్యాసెట్లు ఎప్పుడో పాడైపోయాయి కాబట్టి ఇక ఉన్నది ఆ పదకొండు నిమిషాలే. ఆరేళ్లు మోసిన ఆ అద్దం నుంచి ఒక్క ఫైలూ తిరిగి రాలేదు. వచ్చినవన్నీ ఇల్లు దాటిపోయినవే.

మామూ ఇప్పుడు కొత్త డిస్కులు కొన్నారు. రెండు కావు, మూడు. ఒకటి డబ్బాలో, ఒకటి అల్మారాలో. మూడోది నా బ్యాగులో ఉంది. ఈ హఫ్తా నిజామాబాద్ వెళ్తున్నాను, ఖాలా ఇంట్లో బియ్యం డబ్బా పక్కన జాగా ఖాళీ చేసి పెట్టిందట.